సుంకి ఘాట్‌కి పాత పికప్: 702 సీసీనా, 1478నా, 2523నా?

సెమిలిగుడ_చిన్నోడు
పాత పికప్ ఒకటి తీసుకుందామని నెల రోజులుగా తిరుగుతున్నాను. నాలుగు లక్షలు దాటితే ఇంట్లోకి రానివ్వనని మా నాన్న ముందే చెప్పేశాడు. మూడు బండ్లు కంటికి ఆనాయి. ఒకటి టాటా ఏస్, 2016 మోడల్, 702 సీసీ, లక్షా అరవై చెబుతున్నాడు. రెండోది అశోక్ లేలాండ్ దోస్త్, 2018, 1478 సీసీ, మూడు లక్షల ఇరవై. మూడోది మహీంద్రా బొలెరో పికప్, 2017, 2523 సీసీ, మూడు తొంభైకి ఒక్క రూపాయి తగ్గనంటున్నాడు.
పని ఏంటంటే కుందులి సంతలో అల్లం, క్యాబేజీ, బీన్స్ కొని సాలూరు, విజయనగరం వైపు వేస్తాం. ఇన్నాళ్ళూ అద్దె బండ్లే. సీజన్‌లో కిరాయి చూస్తే గుండె తరుక్కుపోతోంది. మా మెకానిక్ ఏమో "ఘాట్ రోడ్డుకి పెద్ద ఇంజినే, ఇంక మాట్లాడకు" అంటాడు. మా బావ ఏమో "పెద్ద ఇంజిన్ డీజిల్ తాగేస్తుంది, నీ లాభం అంతా బంకుకే" అంటాడు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. ఎన్ని సీసీలు ఉంటే సాలూరు దారిలో ఉన్న సుంకి ఘాట్‌కి సరిపోతుంది?

గుణుపురం_గడుగ్గాయి
పక్కనే సునాబేడాలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ ఉంది కదా. సుఖోయ్ ఇంజిన్ సెకండ్ హ్యాండ్‌లో వస్తుందేమో కనుక్కో. ఘాట్ ఎక్కక్కర్లేదు, పైనుంచి ఎగిరిపోవచ్చు.

పంతులు702
నా పేరులోనే జవాబు ఉంది. ఏస్ తీసుకో. లక్షా అరవైకి కొంటే మిగతా డబ్బు చేతిలో ఉంటుంది. రెండు సిలిండర్ల ఇంజిన్, విప్పితే లోపల చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. ఏ పల్లెలో ఆగినా బాగుచేసేవాడు దొరుకుతాడు. 2005లో ఈ బండి వచ్చాకే కదా మన ఊళ్ళల్లో ఎడ్లబండి పోయింది.

దామన్‌జోడి_డీజిల్
పంతులు గారూ, ఆ బండి గొప్పదే, కాదనను. కానీ మీరు తిరిగేది నరసన్నపేట, టెక్కలి వైపు చదును నేల మీద. ఇతను చెప్పేది సుంకి. ఆ ఇంజిన్ 16 హార్స్‌పవర్, టర్బో (గాలిని ఇంజిన్‌లోకి బలంగా నెట్టేది) లేదు. సెమిలిగుడ సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పలచన. టర్బో లేని ఇంజిన్‌కి ఆ ఎత్తులో ఎనిమిది శాతం దాకా బలం తగ్గుతుంది. అంటే 16 కాస్తా 15 కిందకి పోతుంది.

పంతులు702
ఒక్క గుర్రం చచ్చిపోతే కొంప మునిగిందా?

దామన్‌జోడి_డీజిల్
ఉన్నవే పదహారు గుర్రాలు!

మల్కన్‌గిరి_మామ
బొలెరో. ఇంకో మాట లేదు. మా వైపు మోటు దాకా పోయినా, చింతూరు దాకా పోయినా అదే కనిపిస్తుంది. స్పేర్‌పార్టులు కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి.

సాలూరు_క్లీనర్
అందరూ ఎక్కేదాని గురించే మాట్లాడుతున్నారు. తమ్ముడూ, లోడు ఎటు? అల్లం, క్యాబేజీ కుందులి నుంచి సాలూరుకి అన్నావు. అంటే నిండు బండి దిగుతుంది, ఖాళీ బండి ఎక్కుతుంది. ఖాళీ బండి ఏ ఇంజిన్ అయినా ఎక్కుతుంది. మరి తిరుగు లోడు ఏమైనా ఉందా? అది చెప్పకుండా సీసీ అడిగితే ఎవరైనా ఏం చెప్తారు?

సెమిలిగుడ_చిన్నోడు
@సాలూరు_క్లీనర్ మంచి ప్రశ్న అన్నా, నేను ఆలోచించనే లేదు. తిరుగు లోడు అప్పుడప్పుడు ఉంటుంది. సిమెంటు, ఉల్లిపాయలు, ఎండు చేపలు. సిమెంటు అయితే ముప్పై బస్తాలు వేయమంటారు.

సాలూరు_క్లీనర్
ముప్పై బస్తాలంటే టన్నున్నర. సరే విను. మాది లారీల ఊరు, మా ఇంట్లో మూడు తరాలు ఈ ఘాట్ మీదే బతికాయి. నేను క్లీనర్‌గా మొదలుపెట్టి ఇప్పుడు రెండు లారీలు చూసుకుంటున్నాను. పేరు మాత్రం మార్చుకోలేదు.
ఎక్కేటప్పుడు ఇంజిన్ చాలకపోతే ఏమవుతుంది? బండి మెల్లగా పోతుంది, వెనకున్న బస్సువాడు హారన్ కొట్టి తిడతాడు, మహా అయితే వేడెక్కి ఆగుతుంది. దిగేటప్పుడు ఇంజిన్ బండిని పట్టుకోకపోతే ఏమవుతుంది? సుంకి దాటాక లోయలో చూడు, ఇనప ముక్కలు ఇంకా కనిపిస్తాయి.
మాకు పెద్దవాళ్ళు నేర్పింది ఒకటే. ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. కాలు బ్రేక్ మీద పెట్టి కూర్చోకు. బండిని ఇంజినే ఆపాలి, మలుపు దగ్గర మాత్రమే బ్రేక్ తగలాలి. చిన్న ఇంజిన్ మీద పెద్ద లోడు వేస్తే రెండో గేరులో కూడా బండి తోసుకుంటూ పోతుంది. ఇంజిన్ అరుస్తుంది, స్పీడు తగ్గదు, ఇంక బ్రేకే గతి. నాలుగు మలుపులు తిరిగేసరికి లైనర్ కాలిన వాసన వస్తుంది, పెడల్ మెత్తబడుతుంది. ఆ తర్వాత దేవుడే దిక్కు.
కాబట్టి నీకు పెద్ద ఇంజిన్ కావాలంటాను. ఎక్కడానికి కాదు, దిగడానికి.

గుణుపురం_గడుగ్గాయి
దిగడానికి ఇంజిన్ కొనమనే మనిషిని మొదటిసారి చూస్తున్నాను. కానీ రైటే.

లెక్కల_మాస్టారు_రాయగడ
క్లీనర్ గారు చెప్పినదానికి లెక్క వేశాను. లోడుతో కలిపి మూడు టన్నుల బండి అనుకుందాం. సెమిలిగుడ నుంచి సాలూరు దాకా సుమారు 780 మీటర్లు కిందకి దిగాలి. ఆ ఎత్తులో ఉన్న శక్తి మొత్తం ఎక్కడికో పోవాలి కదా. లెక్క ప్రకారం 23 మెగాజౌళ్ళు. కొంత టైర్ల రాపిడికీ, గాలికీ పోతుంది. మిగతాది అయితే ఇంజిన్ తీసుకోవాలి, లేకపోతే బ్రేక్ డ్రమ్ములు తీసుకోవాలి. మొత్తం వేడిగా మారితే 75 లీటర్ల నీళ్ళు మరుగుతాయి. డ్రమ్ములు ఎందుకు కాలతాయో ఇప్పుడు అర్థమైందా?
ఎక్కేదాని లెక్క కూడా చెప్తాను. నూరు మీటర్లకి ఆరు మీటర్ల ఎత్తు, మూడు టన్నులు, గంటకి 30 కిలోమీటర్లు. చక్రాల దగ్గరే దాదాపు 25 హార్స్‌పవర్ కావాలి. ఇంజిన్ నుంచి చక్రానికి వచ్చేలోపు కొంత నష్టం ఉంటుంది కాబట్టి ఇంజిన్ దగ్గర 28, 30 అనుకోండి. బొలెరో, దోస్త్ రెండూ ఇచ్చేస్తాయి.
ఏస్‌కి అన్యాయం చేయను. దాని లెక్క ప్రకారం ముప్పావు టన్ను వేస్తే మొత్తం టన్నున్నర. అదే ఘాట్‌లో 30 పైనే పోతుంది. అదే బండి మీద టన్నున్నర అల్లం వేసి మొత్తం రెండుంపావు టన్నులు చేస్తే 20 దగ్గర పాకుతుంది, అదీ యాక్సిలరేటర్ నేలకి తొక్కి పట్టుకుంటే. తప్పు ఇంజిన్‌ది కాదు.

పంతులు702
మాస్టారూ, ఇదే నేను చెప్పబోయాను. ముప్పావు టన్నుకి చేసిన బండి మీద టన్నున్నర వేసేవాడు ఇంజిన్‌ని తిట్టకూడదు.

దామన్‌జోడి_డీజిల్
చెప్పబోయారు కానీ చెప్పలేదు.

బొరిగుమ్మ_బుల్లెమ్మ
నేను చింతపండు, అల్లం వ్యాపారం చేస్తాను. సొంత బండి కూడా ఉంది, డ్రైవర్ని పెట్టుకున్నాను. మగవాళ్ళు ఇంజిన్ గురించి మొదలుపెడితే అన్నం కూడా మర్చిపోతారు. బాబూ చిన్నోడూ, ముందు నీ దగ్గర కట్టే సరుకు ఎంతో చెప్పు. ప్రతి సంతకీ టన్నున్నర దొరుకుతుందా? అల్లం తవ్వేది శీతాకాలంలో. ఆ రెండు మూడు నెలలు సరుకు తెగ దొరుకుతుంది. తర్వాత? వేసవిలో క్యాబేజీ ధర పడిపోతే రైతే కోయడు. అప్పుడు నీ 2523 సీసీ బండి ఇంటి ముందు కూర్చుని నిన్ను చూస్తుంది.
నేను మొదట పెద్ద బండే తీసుకున్నాను. సగం బండికే సరుకు దొరికిన రోజులు ఎక్కువ. సగం లోడుతో పోయినా ఇంజిన్ తాగేది పెద్దగా తగ్గదు. ఇప్పుడు ఏం చేస్తున్నానంటే పక్క ఊరి ఇద్దరు వ్యాపారులతో కలిపి లోడు కడతాను. బండి నిండితేనే కదులుతుంది. అలా చేయగలిగితే పెద్ద ఇంజిన్ తీసుకో. ఒంటరిగా నడుపుతానంటే మధ్యది చాలు.

సెమిలిగుడ_చిన్నోడు
@బొరిగుమ్మ_బుల్లెమ్మ అక్కా, సీజన్‌లో టన్ను పైనే దొరుకుతుంది. మిగతా రోజుల్లో ఆరేడు వందల కిలోలు. సీజన్ అయ్యాక పెళ్ళిళ్ళకి షామియానా, కుర్చీలు మోయొచ్చని మా బావ ఐడియా.

గుణుపురం_గడుగ్గాయి
షామియానా కుర్చీలకి ఇంజిన్ ఎందుకు, బావని లాగమను.

పర్లాకిమిడి_బామ్మర్ది
మధ్యది అంటే దోస్త్ కదా. మా అన్నయ్య ఆ సైజులో మూడు సిలిండర్ల బండి వాడాడు. కంపెనీ పేరు ఎందుకులే. మైదానంలో రాజాలా పోతుంది, మైలేజీ కూడా బాగుంటుంది. మహేంద్రగిరి వైపు ఎక్కేటప్పుడు మాత్రం ఒక ఇబ్బంది. హెయిర్‌పిన్ మలుపులో స్పీడు పడిపోతే టర్బో నిద్రపోతుంది. గేరు తగ్గించి మళ్ళీ లేపాలి. ఒక్క క్షణం బండిలో ప్రాణం లేనట్టు ఉంటుంది. అప్పుడు క్లచ్ మీద కాలు పెట్టి లాగడం అలవాటైపోయింది. క్లచ్ ప్లేట్లు మార్చీ మార్చీ విసిగిపోయాడు.

దామన్‌జోడి_డీజిల్
అది ఇంజిన్ తప్పు కాదు, మీ అన్నయ్య కాలు తప్పు. టర్బో ఉన్న ప్రతి బండికీ ఆ సంగతి ఉంటుంది. మలుపుకి ముందే గేరు తగ్గించాలి, మలుపులో కాదు. ఇంకో విషయం, సీసీ ఒక్కటే చూడకండి. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం చూడండి. దోస్త్ బీఎస్-4 బండి 158 న్యూటన్ మీటర్ల దగ్గర ఇస్తుంది. బొలెరో పికప్ 195 దగ్గర. ఏస్ 702 అయితే 38 దగ్గర. సీసీల్లో బొలెరో దోస్త్ కంటే డెబ్బై శాతం ఎక్కువ, టార్క్‌లో తేడా పాతిక శాతమే. అంటే మధ్య బండి పేరుకి చిన్నది, పనికి అంత చిన్నది కాదు.

మల్కన్‌గిరి_మామ
కాగితం మీద టార్క్‌తో ఘాట్ ఎక్కరు బాబూ. 2523 ఇంజిన్ కంగారు పడదు. తక్కువ ఆర్‌పీఎంలోనే లాగుతుంది. పదేళ్ళయినా పిస్టన్ రింగులు అడగదు. చిన్న ఇంజిన్ ఎప్పుడూ ఊపిరి బిగబట్టి పని చేస్తుంది, త్వరగా అరిగిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో అదే ముఖ్యం. ముందున్న ఓనరు దాన్ని ఎంత గుంజాడో మనకి తెలియదు కదా. పెద్ద ఇంజిన్ అయితే ఎంత గుంజినా కొంత మిగిలే ఉంటుంది.

కట్టల_మేస్త్రి
మామ మాట సగం నిజం. పెద్ద ఇంజిన్ ఉన్న బండి మీదే జనం ఎక్కువ లోడు వేస్తారు. ఇంజిన్ మిగులుతుంది, మిగతా బండి మిగలదు. జయపురంలో నా షెడ్డుకి వచ్చే పాత పికప్‌లన్నిటికీ జబ్బు కింద ఉంటుంది.
మొన్న ఒక బండి తెచ్చారు. పెయింటు కొత్తది, సీటు కవర్లు కొత్తవి, లోపల అగరుబత్తి వాసన. కింద దూరి చూశాను. వెనక స్ప్రింగ్ కట్టల్లో మిగతా ప్లేట్లన్నీ తుప్పు రంగులో ఉన్నాయి, అడుగున రెండు ప్లేట్లు మాత్రం నల్లగా మెరుస్తున్నాయి. యూ బోల్టుల మీద మరలు ఇంకా పసుపు పూతతోనే ఉన్నాయి. అంటే కట్టలు అదనంగా వేసి లోడు బాదారు. ఛాసిస్ మీద వేలు పెట్టి నడిపిస్తే, వెనక హ్యాంగర్ దగ్గర పెయింటు కింద గరుకుగా తగిలింది. వెల్డింగ్. కొనేవాడికి చూపించాను, వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. అమ్మేవాడు ఇప్పటికీ నాతో మాట్లాడడు.
చిన్నోడూ, మూడు బండ్లకీ ముందు కిందకి దూరు. తర్వాత సీసీ.

సెమిలిగుడ_చిన్నోడు
మేస్త్రీ గారూ, ఇంజిన్ ఎలా చూడాలో కూడా చెప్పండి. నాకు తెలిసింది బానెట్ ఎత్తి తల ఊపడమే.

కట్టల_మేస్త్రి
చెప్తాను, రాసుకో. పొద్దున్నే చెప్పకుండా వెళ్ళు. స్టార్ట్ చేయకముందే ఇంజిన్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నీకోసం ముందే వేడి చేసి ఉంచాడన్నమాట. చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కి అందుకోవాలి. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడు. కొంచెం ఆవిరి వస్తే ఫర్వాలేదు. పొయ్యి గొట్టంలా పొగ తన్నుకొస్తుంటే రింగులు పోయినట్టే.
పొగ రంగు చూడు. నల్లగా అయితే గాలి చాలట్లేదు లేదా డీజిల్ ఎక్కువ పోతోంది, అది బాగుచేసుకోవచ్చు. నీలంగా అయితే ఆయిల్ కాలుతోంది, ఖర్చు పెద్దది. వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానం.
టర్బో ఉంటే ఇంటర్‌కూలర్‌కి పోయే గొట్టం విప్పి వేలు పెట్టు. తడి అంటితే ఫర్వాలేదు, ఆయిల్ కారితే బేరం ఆపెయ్.
క్లచ్‌కి, చదునులో హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి మూడో గేరులో మెల్లగా క్లచ్ వదులు. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ బతికే ఉంది. ఆగకుండా గుయ్యిమని తిరుగుతుంటే ప్లేటు అయిపోయింది.

సాలూరు_క్లీనర్
ఒకటి కలుపుతాను. ఘాట్‌లో దింపి చూడు. కిందకి దిగేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, గేరులోనే ఒక కిలోమీటరు రా. తర్వాత ఒక్కసారి తొక్కి అద్దంలో వెనక్కి చూడు. నీలం పొగ గుప్పున లేస్తే వాల్వ్ గైడ్ల నుంచి ఆయిల్ దిగుతోంది. చదునులో ఇది బయటపడదు.

దామన్‌జోడి_డీజిల్
మా వైపు మైన్స్ కాంట్రాక్టులో తిరిగిన బండ్లు చవగ్గా వస్తాయి. కిలోమీటర్లు తక్కువ కనిపిస్తాయి కానీ, ఇంజిన్ రోజంతా ఆన్‌లోనే ఉంటుంది. ఎర్ర దుమ్ము పీల్చి పీల్చి ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి, ఫిల్టర్ తర్వాతి గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడవండి. గుడ్డ ఎర్రగా అయితే దుమ్ము సిలిండర్ల దాకా పోయింది. అది 700 సీసీ అయినా 2500 సీసీ అయినా ఒకటే కథ.

పంతులు702
మీరందరూ కలిసి కుర్రాడికి భయం పట్టించారు. బండి కొనడం మానేసి కిరాయికే పోతాడు.

ఆర్సీ_బుక్
ఇంజిన్ చర్చ అయ్యాక నన్ను పిలుస్తారనుకున్నాను, పిలవలేదు, నేనే వచ్చాను.
సీసీ పెద్దదైతే ఇన్సూరెన్స్ ఎక్కువ అని చాలామంది భ్రమ. కార్లకి అలా ఉంటుంది. సరుకు బండ్లకి థర్డ్ పార్టీ ప్రీమియం మొత్తం బరువు మీద. 7500 కిలోల లోపు అన్నీ ఒకటే స్లాబు. అంటే ఏస్‌కీ, బొలెరోకీ ఆ భాగం సమానం. కాబట్టి ఆ లెక్కలో చిన్న ఇంజిన్‌కి లాభం లేదు.
లైసెన్సు కూడా అంతే. 7500 కిలోల లోపు సరుకు బండిని మామూలు ఎల్‌ఎంవీ (తేలిక వాహనాల) లైసెన్సుతో నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చేసింది.
చూడాల్సింది ఆర్సీలో మొత్తం బరువు గడి. 3000 కిలోల లోపు ఉంటే మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. బొలెరో పికప్‌లో రకరకాల మోడళ్ళు ఉన్నాయి, కొన్ని 3000 దాటుతాయి. ఒకే ఇంజిన్, వేరే బరువు. ఇది చూడకుండా కొని తర్వాత తల పట్టుకున్నవాళ్ళని నేను రోజూ చూస్తుంటాను.
ఓవర్‌లోడ్ దొరికితే 20,000 జరిమానా, ఆపై అదనపు టన్నుకి 2,000. ఏస్ మీద టన్నున్నర వేసే వాళ్ళు పంతులు గారితో పాటు ఇది కూడా చదవాలి.

పంతులు702
నేనెక్కడ వేశాను! అన్యాయం.

ఆర్సీ_బుక్
ఇంకోటి. మూడింట్లో ఏది ఆంధ్రా నంబరు, ఏది ఓడీ (ఒడిశా) నంబరు?

సెమిలిగుడ_చిన్నోడు
ఏస్, దోస్త్ ఓడీ-10. బొలెరో ఏపీ-35, సాలూరులోనే ఉంది.

ఆర్సీ_బుక్
అయితే బొలెరోకి విజయనగరం నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అంటే ఫారం 28 కావాలి. కోరాపుట్‌లో మళ్ళీ రిజిస్ట్రేషన్, రోడ్డు ట్యాక్స్. ఆ ఖర్చు బేరంలోనే తగ్గించు. లోన్ ఉన్న బండి అయితే ఫైనాన్స్ వాళ్ళ సంతకంతో ఫారం 35 చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వు. 2016, 2017 మోడళ్ళకి ఎనిమిదేళ్ళు దాటాయి కాబట్టి ఫిట్‌నెస్ ఇప్పుడు ఏటా చేయించాలి. ఎంత కాలం మిగిలుందో తేదీ చూడు.

మల్కన్‌గిరి_మామ
ఎవరూ బీఎస్-6, అంటే కొత్త పొగ నిబంధనల బండ్ల గురించి మాట్లాడలేదేం? ఇంకో లక్ష కలిపితే టాటా ఇంట్రా వీ30 వస్తుంది. 1496 సీసీ, 70 హార్స్‌పవర్, 1300 కిలోల లోడు.

దామన్‌జోడి_డీజిల్
2020 ఏప్రిల్ తర్వాత రిజిస్టర్ అయిన డీజిల్ బండ్లలో పొగ శుభ్రం చేసే సరంజామా పెరిగింది. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండి అయితే ఆ మసి కాలడానికి వేడి కావాలి, అప్పుడప్పుడు ఆగకుండా కాస్త దూరం పరిగెత్తాలి. సంతలో గంటల తరబడి స్టార్ట్‌లో ఉంచి, రెండు కిలోమీటర్లు పోయి మళ్ళీ ఆపే వాడికి లైటు వెలుగుతూనే ఉంటుంది. చిన్నోడు విజయనగరం దాకా పోతాడు కాబట్టి ఇబ్బంది ఉండకపోవచ్చు. అయితే పాత ఓనరు ఎలా వాడాడన్నది మళ్ళీ ప్రశ్నే. పైగా నాన్న గారి నాలుగు లక్షల గీత దాటుతుంది.

సెమిలిగుడ_చిన్నోడు
ఆ గీత దాటితే నేనే బండి తొట్టిలో పడుకోవాలి.

బొరిగుమ్మ_బుల్లెమ్మ
డీజిల్ సంగతి ఎవరూ సూటిగా చెప్పలేదు. నా పెద్ద బండి మైదానంలో లీటరుకి 13 దాకా ఇస్తుంది, ఘాట్‌లో లోడు ఎక్కితే 9, 10. మా తమ్ముడి మధ్య సైజు బండి మైదానంలో 16, 17. ఘాట్‌లో ఆ తేడా తగ్గిపోతుంది, ఎందుకంటే చిన్న ఇంజిన్‌ని తొక్కి పట్టుకోవాలి. కాబట్టి "పెద్దది తాగేస్తుంది" అని నీ బావ చెప్పింది రామభద్రపురం దాటాక నిజం, సుంకిలో సగమే నిజం. నీ దారిలో ఘాట్ ఎంత, చదును ఎంత అని చూసుకో. సాలూరు నుంచి విజయనగరం దాకా చదునే కదా.

పర్లాకిమిడి_బామ్మర్ది
మైలేజీ గురించి ఎవడూ నిజం చెప్పడు. మా అన్నయ్య వదినకి ఒక లెక్క, నాన్నకి ఒక లెక్క, నాకు ఒక లెక్క చెప్తాడు.

లెక్కల_మాస్టారు_రాయగడ
బుల్లెమ్మ గారి లెక్కతో ఏకీభవిస్తున్నాను. ఒక్క సవరణ. రూపాయలు చూడాల్సింది కిలోమీటరుకి కాదు, క్వింటాలుకి. నిండు బొలెరో క్వింటాలుకి తక్కువ డీజిల్ తాగుతుంది, సగం నిండితే దోస్త్ గెలుస్తుంది.

సాలూరు_క్లీనర్
చిన్నోడూ, ఆ ఏపీ-35 బొలెరో మా ఊళ్ళో ఉందన్నావు కాబట్టి మా మేస్త్రిని తీసుకుని నేనే వస్తాను. లోడు వేసి సుంకి దాకా ఎక్కించి దింపుదాం. ఖాళీ బండిని ఘాట్‌లో నడిపి చూడ్డం దండగ. పది బస్తాల ఇసుకైనా వెయ్యాలి. అమ్మేవాడు లోడుతో వద్దంటే అక్కడే నమస్కారం పెట్టేద్దాం.

సెమిలిగుడ_చిన్నోడు
అన్నా, ఆదివారం వస్తాను. అంతకుముందే దోస్త్ కూడా చూసేస్తాను, అది మా ఊళ్ళోనే ఉంది.

సెమిలిగుడ_చిన్నోడు
దోస్త్ చూశాను. మేస్త్రి గారు చెప్పినట్టు పొద్దున్నే చెప్పకుండా వెళ్ళాను. ఇంజిన్ చల్లగానే ఉంది, ఒక్క సెల్ఫ్‌కి అందుకుంది. ఆయిల్ మూత దగ్గర పొగ లేదు. ఇంటర్‌కూలర్ గొట్టంలో తడి మాత్రమే. మూడో గేరులో క్లచ్ వదిలితే ఆగకుండా తిరిగింది, కాలిన వాసన కూడా వచ్చింది. కట్టలు అసలువే, ఛాసిస్ శుభ్రం. ఒకే ఓనరు, బేకరీ సామాను మోసేవాడట.

కట్టల_మేస్త్రి
బేకరీ! బన్నులు మోసిన బండి ఇంకేం కావాలి. క్లచ్ సెట్టు వేయించే ఖర్చు ధరలో కోసెయ్. అది పెద్ద జబ్బు కాదు.

మల్కన్‌గిరి_మామ
బన్నుల బండికి సిమెంటు వేస్తే ఏడుస్తుంది.

కట్టల_మేస్త్రి
మామా, సిమెంటు రోజూ కాదు. అతను ఎక్కించేది అప్పుడప్పుడు, దింపేది రోజూ. పాతికలోపు బస్తాలకి ఒప్పుకుంటే ఆ ఇంజిన్ హాయిగా పోతుంది. లోడు పరిమితి 1250 కిలోలు, అది దాటొద్దు. దిగేటప్పుడు క్లీనర్ గారి మాట వింటే బ్రేకులూ బతుకుతాయి.

సాలూరు_క్లీనర్
నేను పెద్ద ఇంజిన్ అన్నది టన్నున్నర దింపుతాడనుకుని. టన్ను, టన్నుంపావు అయితే మూడు సిలిండర్ల టర్బో రెండో గేరులో పట్టుకుంటుంది. ఇంజిన్ కండిషన్ బాగుంటే నాకు అభ్యంతరం లేదు. అయినా ఆదివారం బొలెరో కూడా చూసెయ్, దారిలో ఉన్నదే.

సెమిలిగుడ_చిన్నోడు
బొలెరో కథ అయిపోయింది అన్నా. ఫోన్ చేసి లోడు వేసి చూస్తామంటే "బండి మీద నమ్మకం లేకపోతే రావద్దు" అన్నాడు. ఫైనాన్స్ కాగితం గురించి అడిగితే ఫోన్ పెట్టేశాడు.

ఆర్సీ_బుక్
మంచిదే అయింది. దోస్త్ ఆర్సీ ఫోటోలో నంబర్లు కప్పేసి మొత్తం బరువు గడి, ఫిట్‌నెస్ తేదీ మాత్రం ఇక్కడ పెట్టు. ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నదీ, ఆర్సీలో ఉన్నదీ నువ్వే చదివి సరిపోల్చు, ఎవరికీ అప్పగించకు.

సెమిలిగుడ_చిన్నోడు
సరిపోయాయి. ఫిట్‌నెస్ మార్చి దాకా ఉంది. క్లచ్ పేరు చెప్పి రెండు లక్షల తొంభైకి దింపాను. రేపు అడ్వాన్సు ఇస్తున్నాను.

పంతులు702
ఆ ఏస్ ఎవరిదో, ఇంకా ఉందా? మా తోడల్లుడు టెక్కలిలో పాల క్యాన్లకి బండి వెతుకుతున్నాడు.

దామన్‌జోడి_డీజిల్
పాల క్యాన్లకి అయితే కళ్ళు మూసుకుని తీసుకోమనండి. మూత తీసి పొగ చూడ్డానికి మాత్రం కళ్ళు తెరవమనండి.